మంచినీళ్ళు మోసిన కాళ్ళు: ఏథెన్స్‌లో ఐదు రోజులు

ఏప్రిల్ 7, ఏథెన్స్

ఎయిర్‌పోర్ట్ నుంచి మెట్రోలో వచ్చి సింటాగ్మా స్టేషన్ మెట్లెక్కి పైకి రాగానే ముందు వాసన తగిలింది. వీధి పొడవునా చెట్లు, చెట్ల నిండా తెల్లటి పూలు, ఆకుల మధ్య ఇంకా రాలకుండా మిగిలిన కాయలు. మ్యూనిక్ నుంచి నాకంటే ముందే దిగిన తమ్ముడు నా సూట్‌కేసు అందుకుంటూ, "నారింజ పూలు అక్కా, ఊరంతా ఇవే" అన్నాడు.

ఈ కాయని గ్రీకులు నెరాంజి అంటారు. నారింజకీ నెరాంజికీ చుట్టరికం ఉంది. మన దేశంలో పుట్టిన మాట పర్షియా మీదుగా నడుచుకుంటూ ఇక్కడిదాకా వచ్చింది. వచ్చిన మొదటి గంటలోనే ఒక తెలిసిన మాట ఎదురురావడం నాకు ఎంతో బాగుంది.

నేను హైదరాబాద్‌లో లెక్కల టీచర్ని. మారథాన్ రెండుసార్లు పూర్తి చేశాను. అయినా పరుగు పందెం కోసం రాలేదు ఇక్కడికి. 1896లో మొదటి ఒలింపిక్ మారథాన్ గెలిచిన స్పిరిడాన్ లూయిస్ కోసం వచ్చాను. ఆయన వృత్తి నీళ్ళు మోయడం అని చదివిన రోజు నుంచి ఆ మనిషి నా మనసులోంచి పోలేదు.

మాది కనిగిరి. ఫ్లోరైడ్ నీళ్ళ ఊరు. చిన్నప్పుడు మా వీధికి ఒక తాత మంచినీళ్ళ బండి తెచ్చేవాడు. ఎద్దు పక్కనే నడిచేవాడు తప్ప ఎప్పుడూ బండి ఎక్కి కూర్చునేవాడు కాదు. "నేను కూడా ఎక్కితే దానికి బరువు కదమ్మా" అనేవాడు. ఆయన పిక్కలు రాయిలా ఉండేవి. లూయిస్ గురించి చదివినప్పుడల్లా నాకు ఆ పిక్కలే గుర్తొస్తాయి.

ఏప్రిల్ 8, మరూసి

మొనాస్టిరాకి దగ్గర కిఫీసియా వెళ్ళే రైలెక్కాం. మరూసి స్టేషన్ అరగంట పైచిలుకు. ఇప్పుడు అది ఏథెన్స్‌లో కలిసిపోయింది. ఆఫీసులు, ఆసుపత్రులు, మాల్స్. లూయిస్ 1873 జనవరి 12న పుట్టినప్పుడు మాత్రం కుండలకీ మంచినీళ్ళకీ పేరున్న పల్లెటూరు.

అప్పట్లో ఏథెన్స్‌కి ఎప్పుడూ నీటి కటకటే. రాజధాని అయ్యాక జనం పెరిగారు గానీ నీళ్ళు పెరగలేదు. మరూసి ఊటల నీళ్ళు తియ్యగా ఉంటాయని డబ్బిచ్చి కొనేవారు. లూయిస్ తండ్రిది ఆ వ్యాపారమే. కంచర గాడిద మీద నీళ్ళు కట్టి, పక్కన నడుస్తూ పట్నానికి తీసుకెళ్ళాలి. కొడుకు ఆ పనిలో చేయి కలిపాడు.

రైల్లో కూర్చుని నేను లెక్క వేశాను. మరూసి నుంచి ఏథెన్స్ నడిబొడ్డుకి సుమారు 13 కిలోమీటర్లు. పోను రాను 26. రోజుకు రెండు తడవలు వెళ్ళేవాడని అంటారు. అదే నిజమైతే 52 కిలోమీటర్లు. ఇప్పటి మారథాన్ దూరం 42.195. అంటే పతకం గెలవడానికి ఎన్నో ఏళ్ళ ముందు నుంచే అతను మారథాన్ కంటే ఎక్కువ దూరం రోజువారీ పనిలో తిరుగుతున్నాడు. మేం నెలల తరబడి చార్టు గీసుకుని, ఆదివారం తెల్లారుజామున నెక్లెస్ రోడ్డు మీద చేసే లాంగ్ రన్ ఆయనకి మామూలు సోమవారం.

"మరి పరుగులోకి ఎలా వచ్చాడక్కా?" అని తమ్ముడు అడిగాడు. సైన్యం వల్ల. లూయిస్ సైనిక సేవలో ఉన్నప్పుడు ఆయన పై అధికారి పాపడియామాంటోపౌలోస్ అనే కల్నల్. ఒలింపిక్స్ కోసం గ్రీకు రన్నర్లని ఎంపిక చేసే పని తర్వాత ఆయన చేతికే వచ్చింది. ఈ కుర్రాడి కాళ్ళ సంగతి ఆయనకు తెలుసు. పిలిపించాడు. రెండో ఎంపిక పందెంలో లూయిస్‌కి వచ్చింది అయిదో స్థానం. 3 గంటల 18 నిమిషాల 27 సెకన్లు. పేపర్లో పేరు పెద్దగా పడే స్థానం కాదు.

మరూసి పక్కనే ఇరీని స్టేషన్ దగ్గర పెద్ద ఒలింపిక్ స్టేడియం ఉంది. 1982లో తెరిచి దానికి లూయిస్ పేరే పెట్టారు. 2004 ఒలింపిక్స్ ప్రారంభోత్సవం అక్కడే జరిగింది. బయట నుంచి తెల్లటి కమానులు చూసి, నేరుగా శ్మశానానికి వెళ్ళాం. నేను వచ్చింది దానికే.

పాలరాతి సమాధి. మీద ఒలింపిక్ వలయాలు. పక్క సమాధి దగ్గర ఒక ముసలావిడ ప్లాస్టిక్ సీసాతో పూలకుండీకి నీళ్ళు పోస్తోంది. మమ్మల్ని చూసి ఆ సీసా మా వైపు చాచింది. అందులో మిగిలిన నీళ్ళు లూయిస్ సమాధి దగ్గరున్న మొక్కకి పోశాను. ఏం చెప్పాలో తెలియక నమస్కారం పెట్టాను. ఆవిడ కూడా చేతులు జోడించింది.

గెలుపు తర్వాతి కథ ఇక్కడ నిలబడి తలచుకుంటే కష్టంగా ఉంటుంది. ఆయన మళ్ళీ ఎప్పుడూ పందెంలో దిగలేదు. ఊళ్ళో వ్యవసాయం చేశాడు, కొన్నాళ్ళు పోలీసుగా పనిచేశాడు. 1926లో సైనిక పత్రాలు తారుమారు చేశాడన్న ఆరోపణ మీద అరెస్టు చేశారు. ఏడాదికి పైగా జైల్లో ఉంచాక, 1927 జూన్‌లో నిర్దోషి అని వదిలేశారు. దేశమంతా భుజాన ఎత్తుకున్న మనిషిని, తప్పేమీ తేలకుండానే ఏడాదికి పైగా లోపల పెట్టారు. దీని గురించి చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది, సమాధి ముందు కూడా వచ్చింది.

ఆయన జైలుకెళ్ళిన 1926లోనే, ఆ పందెం మొదలైన మారథాన్ ఊరి దగ్గర పెద్ద ఆనకట్ట పని మొదలైంది. 1929లో పూర్తయింది. పెంటెలీ కొండ పాలరాయి తాపడం చేసిన ఆ ఆనకట్ట నుంచి గొట్టాల్లో ఏథెన్స్‌కి నీళ్ళు వచ్చాయి. గాడిదల మీద మంచినీళ్ళు తెచ్చే కాలానికి అక్కడితో తెరపడింది. నీళ్ళు మోసిన లూయిస్‌కి పేరు తెచ్చిన ఊరి నుంచే ఆ నీళ్ళు రావడం నన్ను చాలాసేపు వదల్లేదు.

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కి ఆయన్ని ముఖ్య అతిథిగా పిలిచారు. గ్రీకు జాతీయ దుస్తుల్లో వెళ్ళి, ఒలింపియా నుంచి తెచ్చిన ఆలివ్ కొమ్మని హిట్లర్ చేతికిచ్చాడు. శాంతికి గుర్తు ఆ కొమ్మ. లూయిస్ 1940 మార్చి 26న పోయాడు. అదే ఏడాది అక్టోబర్‌లో గ్రీస్ మీద యుద్ధం వచ్చి పడింది. ఆ రోజులు ఆయన చూడలేదు.

ఏప్రిల్ 9, మారథాన్ నుంచి పికెర్మి

పొద్దున్నే మారథాన్ ఊరికి బస్సు. అక్కణ్ణుంచి పాత పందెం దారిని రెండు రోజుల్లో నడిచి ముగించాలని మా ప్లాన్. ఇవాళ సగం, రేపు సగం. రేపు ఏప్రిల్ 10. ఆ పందెం జరిగిన తేదీ. అప్పటి గ్రీకు క్యాలెండర్ ప్రకారం మార్చి 29.

మారథాన్ అంటే గ్రీకులో సోంపు మొక్క. సోంపు పెరిగే చోటు కాబట్టి ఊరికి ఆ పేరు. రోడ్డు వారన సన్నటి ఈకల్లాంటి ఆకులు చూసి ఒక రెమ్మ తుంచి నలిపాను. అచ్చం మన హోటల్లో బిల్లుతో పాటు ఇచ్చే సోంపు వాసన. తమ్ముడు రెండు రెమ్మలు జేబులో వేసుకున్నాడు. ప్రపంచంలో ఎక్కడ పరుగెత్తినా మనం పలికే ఆ పేరు ఈ మొక్కదని వాడికి అప్పటిదాకా తెలియదట.

ఊరు దాటి కొన్ని కిలోమీటర్లు నడిస్తే పొలాల మధ్య మట్టిదిబ్బ. క్రీ.పూ. 490లో పర్షియన్ సైన్యంతో పోరాడి చనిపోయిన 192 మంది ఏథెన్స్ వీరుల్ని ఇక్కడే కలిపి పూడ్చారు. ఎత్తు సుమారు 9 మీటర్లు. చుట్టూ ఎర్రటి గసగసాల పూలు. గుండ్రంగా ఒక చుట్టు నడిచి వచ్చాం.

గెలుపు వార్త చెప్పడానికి ఇక్కణ్ణుంచి ఏథెన్స్‌కి పరుగెత్తి ప్రాణం వదిలిన వార్తాహరుడి కథ అందరికీ తెలుసు. యుద్ధం తర్వాత కొన్ని దశాబ్దాలకే రాసిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్‌లో ఆ కథ లేదు. ఆయన చెప్పింది సహాయం అడగడానికి ఏథెన్స్ నుంచి స్పార్టాకి పరుగెత్తిన మనిషి గురించి. మారథాన్ నుంచి ఏథెన్స్ పరుగు కొన్ని వందల ఏళ్ళ తర్వాతి రచనల్లో కనిపిస్తుంది. ఆ కథని పట్టుకునే ఫ్రెంచ్ భాషా పండితుడు మిషెల్ బ్రెయాల్, కొత్తగా పెట్టే ఒలింపిక్స్‌లో ఇలాంటి పరుగు ఒకటి పెట్టమని అడిగాడు. గెలిచినవాడికి వెండి కప్పు తానే ఇస్తానన్నాడు. ప్రాచీన ఒలింపిక్స్‌లో ఇంత దూరం పరుగు అసలు లేనేలేదు. అందరూ పురాతనం అనుకునే పందెం 1896లో పుట్టింది.

నేయా మాక్రి దాటాక మాటి వస్తుంది. 2018 జూలైలో ఇక్కడ కార్చిచ్చు వంద మందికి పైగా జనాన్ని బలి తీసుకుంది. సముద్రం అంత దగ్గరున్నా చాలామంది తప్పించుకోలేకపోయారు. ఆ కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

రఫీనా దగ్గరికి వచ్చేసరికి నా ఎడమ కాలి బొటనవేలి పక్కన బొబ్బ లేచింది. గట్టు మీద కూర్చుని ప్లాస్టర్ వేసుకున్నాను. పదో కిలోమీటరు నుంచి దారి ఎత్తుకి తిరుగుతుంది. దిగినట్టే దిగి మళ్ళీ ఎక్కుతుంది, ముప్ఫై ఒకటో కిలోమీటరు దాకా ఇదే వరస. హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లు ఎక్కి దిగిన కాళ్ళకి కూడా ఇది వేరే రకం. ఇక్కడ ఒక్కో ఎత్తు చిన్నదే. అవి అయిపోకపోవడమే కష్టం.

పికెర్మిలో ఒక చిన్న కొట్టు ముందు ఆగాం. నాకు వచ్చిన గ్రీకు నాలుగు మాటలే. "నెరో" అన్నాను. నెరో అంటే నీళ్ళు. నారింజ సంగతి వేరు, నెరోకీ మన నీరుకీ చుట్టరికం లేదు, రెండూ వేర్వేరు దారుల్లో వచ్చిన మాటలు. అయినా దాహంతో ఉన్నప్పుడు ఆ మాట నోట్లోంచి తెలుగులాగే వచ్చింది. కొట్టు ఆవిడ రెండు గ్లాసుల నిండా చల్లటి నీళ్ళు పెట్టింది, డబ్బు తీసుకోలేదు.

లూయిస్ కూడా పికెర్మిలోనే ఆగాడు. ఒక గ్లాసు వైన్ తాగి, ముందున్నవాళ్ళు ఎంత దూరంలో ఉన్నారో అడిగి, అందరినీ దాటేస్తానని చెప్పాడంటారు. ఆయన మనవడు చెప్పిన ప్రకారం ఇంకోలా ఉంది. తర్వాత భార్య అయిన అమ్మాయి సగం నారింజ పండు ఇచ్చిందట, ఆమె తండ్రి కాస్త కోన్యాక్ పోశాడట. రెండింట్లో నాకు నారింజ కథే ఇష్టం.

ఏప్రిల్ 10, పికెర్మి నుంచి స్టేడియం

ఏడున్నరకల్లా నిన్న ఆగిన కొట్టు ముందుకే వచ్చాం. ఇక్కణ్ణుంచి నడుస్తూ పందేన్ని తమ్ముడికి ముక్కలు ముక్కలుగా చెప్పాను.

మధ్యాహ్నం రెండు గంటలకి మారథాన్ వంతెన దగ్గర 17 మంది బయల్దేరారు. 13 మంది గ్రీకులు, నలుగురు విదేశీయులు. తుపాకీ పేల్చింది ఆ కల్నలే. ఫ్రాన్స్‌కి చెందిన లెర్మూసియో మొదటి నుంచీ అందర్నీ వదిలేసి దూసుకుపోయాడు. పికెర్మికి చేరేసరికి చాలా ముందున్నాడు. వెనక ఆస్ట్రేలియా ఫ్లాక్, అమెరికా బ్లేక్, హంగరీ కెల్నర్.

టీచర్ బుద్ధి పోనిచ్చుకోను కాబట్టి ఒక సంగతి చెప్పాలి. ఆ ముందున్న ముగ్గురూ 1500 మీటర్ల పందెంలో పతకాల స్థానాల్లో నిలిచినవాళ్ళు. ఫ్లాక్ మొదట, బ్లేక్ రెండు, లెర్మూసియో మూడు. ఫ్లాక్ అయితే ముందు రోజే 800 మీటర్లు కూడా గెలిచాడు. మధ్య దూరాల వేగం వాళ్ళది. అంత దూరానికి అలవాటుపడ్డ విదేశీయుడు కెల్నర్ ఒక్కడే. మైదానం దారిలో ఆ వేగం అద్భుతంగా కనిపించి ఉంటుంది. ఆ తర్వాత ఈ ఎత్తు వచ్చింది. బ్లేక్ 23 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయాడు. లెర్మూసియో 32 దగ్గర.

పల్లీని, గెరకాస్ దాటుతూ నేను నా కాళ్ళ మాట విన్నాను. ఎత్తులో వేగం పెంచాలనిపిస్తుంది, త్వరగా అయిపోతుందని. నీళ్ళు మోసే మనిషి ఆ పని చెయ్యడు. గాడిద అలిసిపోతుంది, బేరం పోతుంది. బరువుతో పట్నం చేరాలంటే మొదటి అడుగెలా వేశాడో చివరి అడుగూ అలాగే వెయ్యాలి. మా కనిగిరి తాత నడక కూడా అంతే. వీధి మొదట్లో ఎంత నిదానమో చివరికొచ్చేసరికీ అంతే నిదానం. లూయిస్ గెలుపుకి వైన్ గ్లాసు కారణమని చాలామంది సరదాగా చెప్తారు. నాకు మాత్రం మరూసి దారే కారణమనిపిస్తుంది. ఈ ఎత్తులో నడిచాక ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది.

ఆగియా పరస్కెవి దగ్గర ఎత్తు అయిపోయి, దారి ఏథెన్స్ వైపు దిగుతుంది. సుమారు 34వ కిలోమీటరు దగ్గర లూయిస్ ఫ్లాక్‌ని అందుకున్నాడు. కొంతదూరం ఇద్దరూ పక్కపక్కనే పరుగెత్తారు. తర్వాత లూయిస్ ముందుకెళ్ళాడు, ఫ్లాక్ ఇంకొన్ని కిలోమీటర్ల తర్వాత కూలిపోయాడు.

ఊళ్ళోకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గాజు పలకలు పొరలు పొరలుగా పేర్చి చేసిన పెద్ద రన్నర్ విగ్రహం పక్క నుంచి వెళ్ళాం. ఎండ పడి పచ్చగా మెరుస్తోంది. నా బొబ్బ పగిలింది, పట్టించుకోలేదు. స్టేడియం తెల్లగా కనబడగానే తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు నేను వాడి చెయ్యి పట్టుకున్నట్టు.

పానథెనాయిక్ స్టేడియం మొత్తం పాలరాయి. అలెగ్జాండ్రియాలో వ్యాపారం చేసిన అవెరోఫ్ అనే గ్రీకు ధనికుడు డబ్బిస్తే ఒలింపిక్స్ కోసం తిరిగి కట్టారు. ఆయన విగ్రహం గేటు బయటే ఉంది. లోపల ట్రాక్ పొడుగ్గా, హెయిర్‌పిన్ ఆకారంలో ఉంటుంది. ఆ మలుపు దగ్గర నిలబడి చూశాను. ఎంత ఇరుకంటే వేగంగా వచ్చినవాడు తప్పనిసరిగా తగ్గాల్సిందే. పాలరాతి మెట్టు మీద చెయ్యి వేస్తే వేడిగా ఉంది. అంచు అరిగి నున్నగా ఉంది.

ఆ రోజు ఇక్కడ కూర్చున్న వేల మందికి మొదట వచ్చిన కబురు ఆస్ట్రేలియా వాడు ముందున్నాడని. స్టేడియం అంతా నీరసించింది. సొంత గడ్డ మీద ఒలింపిక్స్ పెట్టి, ట్రాక్ పందెం ఒక్కటీ గెలవలేదన్న బాధలో ఉన్నారు. తర్వాత ఇంకో కబురు వచ్చింది, గ్రీకువాడే ముందున్నాడని. చివరికి దుమ్ము కొట్టుకుపోయి, చెమటతో తడిసి, నీళ్ళవాడు ఈ ద్వారంలోంచి లోపలికి వచ్చాడు. యువరాజులు కాన్‌స్టాంటైన్, జార్జ్ ఇద్దరూ కిందికి దిగి ఆయన పక్కనే పరుగెత్తారు. 2 గంటల 58 నిమిషాల 50 సెకన్లు. రెండో స్థానంలో వచ్చిన వసిలాకోస్ కంటే 7 నిమిషాల 13 సెకన్లు ముందు. మూడోవాడిగా వచ్చిన బెలోకాస్ దారిలో బండెక్కాడని కెల్నర్ ఫిర్యాదు చేస్తే అతన్ని తొలగించారు. అలా మూడో స్థానం కెల్నర్‌ది అయింది.

పూలూ రెమ్మలూ తన మీద వానలా కురిశాయని, జనం తన పేరు పిలుస్తూ టోపీలు గాల్లోకి విసిరారని ముసలితనంలో లూయిస్ గుర్తుచేసుకున్నాడు. రాజు ఏం కావాలో కోరుకోమంటే, నీళ్ళు తోలుకోవడానికి ఒక బండి అడిగాడని గ్రీస్‌లో అందరూ చెప్పుకునే కథ. ఎవరైనా కాళ్ళకు బుద్ధి చెప్పి పారిపోతే "లూయిస్ అయిపోయాడు" అంటారు ఇప్పటికీ. ఆ మాట వాడే పిల్లలకి ఆ మనిషి పరుగెత్తింది పారిపోవడానికి కాదని కూడా ఎవరైనా చెప్తే బాగుండును.

ట్రాక్ చివరి గీత దాకా నేను పరుగెత్తాను. తమ్ముడు నా పక్కనే.

ఏప్రిల్ 11, ఏథెన్స్

పొద్దున ఒక్కదాన్నే ఎవాంజెలిస్మోస్ ఆసుపత్రి వైపు నడిచాను. తమ్ముడు ఇంకా నిద్రలేవలేదు.

1896లో సరిగ్గా ఈ తేదీన, లూయిస్ గెలిచిన మర్నాడు, స్టమాటా రెవితి అనే ఆవిడ మారథాన్ నుంచి ఒంటరిగా పరుగెత్తింది. పేదరాలు. అంతకు ముందు ఏడాది ఏడేళ్ళ బిడ్డ చనిపోయింది. పదిహేడు నెలల పసిబిడ్డ ఉంది. ముందు రోజు పందెంలో ఆమెని పరుగెత్తనివ్వలేదు. దాంతో తెల్లారాక ఊరి పెద్దల చేత బయల్దేరిన వేళ కాగితం మీద రాయించి సంతకాలు తీసుకుని, ఎనిమిది గంటలకి మొదలుపెట్టింది. దారిలో గుక్కెడు నీళ్ళ కోసమో, సముద్రంలో ఓడలు చూడ్డం కోసమో ఆగిన సమయం కూడా కలుపుకుని అయిదున్నర గంటల్లో ఈ ప్రాంతానికి చేరింది. ఇక్కడ కనబడ్డ సైనికాధికారుల చేత చేరిన వేళ కూడా రాయించుకుంది. స్టేడియం లోపలికి మాత్రం పోనివ్వలేదు. ఇక్కణ్ణుంచి స్టేడియం నడిచి వెళ్ళేంత దగ్గర. నిన్న నేను టికెట్టు కొనుక్కుని దర్జాగా లోపలికి వెళ్ళి పరుగెత్తాను. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మారథాన్ పెట్టింది 1984లో. నేను ఆసుపత్రి ముందున్న బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. రెవితి గురించి ఒక్క పలక కూడా నాకు కనబడలేదు, వెతికాను.

మధ్యాహ్నం తమ్ముడితో కలిసి సముద్రం వైపున్న స్టావ్రోస్ నియార్కోస్ సాంస్కృతిక కేంద్రానికి వెళ్ళాం. బ్రెయాల్ ఇచ్చిన వెండి కప్పు అక్కడుంది. 2012లో లూయిస్ మనవడు లండన్‌లో వేలానికి పెడితే నియార్కోస్ ఫౌండేషన్ 5,41,250 పౌండ్లకి కొని, అందరూ చూసేలా ఉంచింది.

అంత చిన్నదని నేను ఊహించలేదు. 15 సెంటీమీటర్లు ఉంటుంది, అంతే. గాజు పెట్టెలో, దీపం కింద. వెండి మీద నీటి మొక్కలు చెక్కారు. పైన గ్రీకు అక్షరాల్లో పందెం పేరు, బ్రెయాల్ పేరు. తమ్ముడు గాజుకి దగ్గరగా వంగి, "దీంట్లో ఎన్ని నీళ్ళు పడతాయక్కా?" అని అడిగాడు.

చేతితో కొలత చూపించాను. సగం గ్లాసు ఉండొచ్చు.

బయటికొచ్చాక వాడు జేబులోంచి ఎండిపోయిన సోంపు రెమ్మలు తీసి ఒకటి నాకిచ్చాడు. నా ఫ్లైట్‌కి ఇంకా నాలుగు గంటలుంది. రోడ్డు పక్క కొళాయి దగ్గర ఇద్దరం సీసాలు నింపుకుని బస్టాపు వైపు నడిచాం.